జపాన్ 29, ఇండియా 7: ఇలా పక్కపక్కన పెడితే పోలిక కాదు

ప్రశ్న ఇది. తిరుపతిలో పీజీ చేస్తున్న ఒకరు ప్రాజెక్టు కోసం జపాన్, ఇటలీ, చైనా, దక్షిణ కొరియా, భారత్‌లలో 65 ఏళ్లు దాటినవారి శాతాన్ని 1950 నుంచి 2050 దాకా ఒకే గ్రాఫులో గీశారు. జపాన్ గీత 29 దగ్గర, మనది 7 దగ్గర ఉంది. కింద "భారత్ ఇంకా యువదేశమే, చిత్తూరు ప్రాంతానికి మరో 30 ఏళ్లు బెంగ లేదు" అని రాశారు. గైడు గ్రాఫును ఒప్పుకున్నారు, ఆ వాక్యాన్ని కొట్టేశారు. ఎందుకు కొట్టేశారు, ఎలా దిద్దుకోవాలి అని అడుగుతున్నారు.

గైడు చేసింది సరైన పనే. గీతలన్నీ నిజమే అయినా వాటి నుంచి ఆ వాక్యం రాదు. ఒకే క్యాలెండర్ ఏడాదిలో రెండు దేశాల శాతాలను పోలిస్తే ఎవరు ముందు బయల్దేరారో తెలుస్తుందంతే. ఎవరు ఎంత వేగంగా నడుస్తున్నారో తెలియదు. మీ ప్రాజెక్టుకు అసలు కావలసింది వేగం. దానికి గ్రాఫును మళ్లీ గీయాలి. అంతకన్నా ముందు "ముసలివాళ్లు" అంటే ఎవరో తేల్చుకోవాలి.

మీరు 65 తీసుకున్నారు. మన దగ్గర ఎక్కువ లెక్కలు 60తో నడుస్తాయి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం 60 నిండితే వయోవృద్ధులు. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకూ 60 ఏళ్లే. తిరుమలలో వృద్ధుల ప్రత్యేక దర్శనానికి మాత్రం 65 నిండాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022 నుంచి 62. కేంద్ర ఆరోగ్య బీమా పథకాన్ని ఆదాయంతో పని లేకుండా అందరికీ వర్తింపజేసింది 70 ఏళ్ల నుంచి. ఒకే ఊళ్లో ఒకే మనిషి ఒక గుమ్మం దగ్గర వృద్ధుడు, ఇంకో గుమ్మం దగ్గర కాదు. దేశాల పట్టికల్లోనూ ఇదే తంతు. జపాన్, ఐరోపా పట్టికలు 65తో ఉంటాయి. భారత జనగణన నివేదికలు, కేంద్ర గణాంక శాఖ ప్రచురణలు 60తో ఉంటాయి. చైనా రెండూ ఇస్తుంది. చాలా ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. జపాన్‌కు 65 ప్లస్, కేరళకు 60 ప్లస్ పక్కపక్కన పెట్టి "కేరళ జపాన్‌లో సగానికి వచ్చేసింది" అని రాసేస్తారు. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని వరుసలకూ అదే వాడండి. దేశాల పోలికకు 65, రాష్ట్రాల పోలికకు 60 అని రెండు వేరు పట్టికలు పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండింటినీ ఒకే గ్రాఫులోకి మాత్రం తేవద్దు.

ఈ 65 కూడా శాస్త్రం తేల్చిన గీత కాదు. జర్మనీలో బిస్మార్క్ కాలపు 1889 పింఛను చట్టం పెట్టిన వయసు 70. దాన్ని 1916లో 65కి దించారు. 1956 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక 65 దాటినవారు 7 శాతం మించిన జనాభాను ముదిరిన జనాభాగా పిలిచింది. అక్కడి నుంచే 7, దాని రెట్టింపు 14, ఆపైన 20 లేదా 21 అనే మెట్లు వాడుకలోకి వచ్చాయి. మెట్లు ఏకపక్షమే అయినా పనికొస్తాయి, ఎందుకంటే అన్ని దేశాలకూ ఒకే కొలత.

ఇక గ్రాఫు మార్చే పని. అడ్డగీత మీద 1950, 1960 అని ఏళ్లు వేయడం మానేసి, ప్రతి దేశానికీ 65 ప్లస్ వాటా 7 శాతం దాటిన ఏడాదిని సున్నాగా పెట్టండి. జపాన్ సున్నా 1970. ఫ్రాన్స్ సున్నా 1860ల మధ్యలో. చైనా 2000 జనగణనలో 6.96 శాతం కాబట్టి దాని సున్నా దాదాపు 2000. దక్షిణ కొరియాదీ ఆ చుట్టుపక్కలే. భారత్ ఈ గీత దాటింది 2020ల మొదట్లో. ఇలా జరిపి గీసేసరికి బొమ్మ తలకిందులవుతుంది. 7 నుంచి 14కి చేరడానికి ఫ్రాన్స్‌కు దాదాపు 115 ఏళ్లు, స్వీడన్‌కు 85, అమెరికాకు 70 పైచిలుకు పట్టాయి. జపాన్ 1994లో, అంటే 24 ఏళ్లకే చేరింది. చైనా సొంత లెక్కల ప్రకారం 2021లో 14.2 శాతం, అంటే 21 ఏళ్లు. కొరియా దాదాపు 18 ఏళ్లలో 14 దాటి, 2024 డిసెంబరులో 20 కూడా దాటేసింది. భారత్ వాటా 2050కి 15 శాతం దగ్గర ఉంటుందన్నది ఐక్యరాజ్యసమితి మధ్యస్థ అంచనా. అంటే మనం 7 నుంచి 14కి వెళ్లేది పాతికేళ్ల అటు ఇటుగా. అది ఫ్రాన్స్ దారి కాదు, జపాన్ దారి. మీ మొదటి గ్రాఫులో కింద నింపాదిగా పాకుతున్నట్టు కనిపించిన గీత, సున్నా దగ్గర కలిపి చూస్తే జపాన్ గీతను ఆనుకుని పైకి లేస్తుంది.

దాటిన ఏడాదిని కచ్చితంగా పట్టుకోవడానికి అంతర్వేశనం చేయండి, అంటే తెలిసిన రెండు ఏళ్ల సంఖ్యల మధ్య విలువను నిష్పత్తితో లెక్కకట్టండి. ఉదాహరణకు ఒక ఊహా దేశంలో 2000లో 6.6 శాతం, 2005లో 7.4 శాతం ఉన్నాయనుకుందాం. 7కు తక్కువైనది 0.4, ఐదేళ్ల పెరుగుదల 0.8. 0.4ను 0.8తో భాగించి 5తో గుణిస్తే 2.5. అంటే 2002 మధ్యలో దాటింది. ఒకటి రెండేళ్ల తేడాలకు కంగారు పడొద్దు. చైనా సంఖ్యలు ఆ దేశ గణాంక సంస్థవైతే సంవత్సరాంతానివి, ఐక్యరాజ్యసమితివైతే జూలై 1వి. పైగా సర్దుబాట్లు వేరు. ఒక వరుసలో 2021 అని, ఇంకో వరుసలో 2023 అని కనిపిస్తుంది. ఏ వరుస వాడారో పట్టిక కింద ఒక్క వాక్యం రాస్తే చాలు.

సున్నా ఏడాది నాటికి ఆ దేశం చేతిలో ఏముందన్న కాలమ్ ఒకటి తప్పక పెట్టండి. నా దృష్టిలో మొత్తం పోలికలో విలువైన కాలమ్ ఇదే. జపాన్ 1961 నాటికే, అంటే 7 శాతం దాటడానికి తొమ్మిదేళ్ల ముందే, అందరికీ ఆరోగ్య బీమా, అందరికీ పింఛను అమలులోకి తెచ్చింది. మంచాన పడ్డవారి సంరక్షణ కోసం 2000లో విడిగా బీమా పెట్టింది, 40 ఏళ్లు నిండినవారంతా దానికి చందా కడతారు. కొరియాలో జాతీయ పింఛను మొదలైంది 1988లో. అప్పటికే నడివయసు దాటినవారు సరిపడా ఏళ్లు చందా కట్టలేకపోయారు. అందుకే అంత సంపన్న దేశంలోనూ వృద్ధుల్లో దాదాపు 40 శాతం మంది పేదరికపు గీత కింద ఉన్నారని సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ లెక్కలు చాలా ఏళ్లుగా చూపిస్తూ వచ్చాయి. భారత్ గడిలో ఏం రాయాలో మీకే తెలుస్తుంది. నెలకు 4 వేల రూపాయల పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు, నిజమే. మంచాన ఉన్న మనిషిని రోజూ చూసుకునే ఏర్పాటు మాత్రం ఇంట్లోవాళ్ల మీదే ఉంది.

ఎందుకింత వేగం? ఆయుర్దాయం పెరగడం వల్ల అని మీ ముసాయిదాలో రాశారు. అది సగం సమాధానం, అదీ రెండో సగం. 1950లలోనే అమెరికా జనాభా శాస్త్రవేత్త ఆన్‌స్లీ కోల్ లెక్క కట్టి చూపించిన సంగతి ఏమిటంటే, జనాభా ముదరడానికి మొదటి కారణం కాన్పులు తగ్గడం. మరణాలు తగ్గడం మొదట్లో పసిపిల్లలనే ఎక్కువగా బతికిస్తుంది కాబట్టి జనాభాను ఇంకా లేతగా చేస్తుంది. పిల్లల మరణాలు బాగా తగ్గిపోయి, ఇక మిగిలిన లాభమంతా 60, 70 దాటినవారి ఆయుష్షులోనే వచ్చే దశలో మాత్రమే ఆయుర్దాయం జనాభాను ముదర పెడుతుంది. జపాన్ ఆ దశలో ఉంది, మనం ఇంకా పూర్తిగా లేము. కాబట్టి వేగానికి కారణం కాన్పులు పడిపోయిన వేగంలో వెతకాలి. ఫ్రాన్స్‌లో కాన్పుల తగ్గుదల 18వ శతాబ్దం చివర్లో మొదలై వందేళ్లకు పైగా సాగింది. చైనాలో 1970లో తల్లికి సగటున 5.8 కాన్పులు ఉన్నది ఆ దశాబ్దం ముగిసేలోగా 3 లోపుకి పడింది. ఒక్క బిడ్డ విధానం వచ్చింది ఆ తర్వాతే. "ఒక్క బిడ్డ విధానం వల్లే చైనా ముదిరింది" అనే వాక్యం మీ ముసాయిదాలో ఉంటే దాన్నీ కొట్టేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో సగటు 2.6, 2005–06లో 1.8. బలవంతపు చట్టమేమీ లేదు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నిబంధన ఎంతమంది కుటుంబాలను తాకి ఉంటుంది? దాన్ని రాష్ట్రం 2024 నవంబరులో ఎత్తేసింది. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, బీహార్ 3.0.

ఇంకొక చిన్న మాట. ఎక్కువ మంది పిల్లల్ని కంటే ముదరడం ఆగుతుందని ఇప్పుడు వినిపిస్తున్న వాదనను ప్రాజెక్టులో ప్రస్తావిస్తే కాలాన్ని కూడా రాయండి. ఈ ఏడాది పుట్టిన బిడ్డ పనిలోకి వచ్చేది 2045 తర్వాత. అంతవరకూ సంపాదించేవారి మీద వృద్ధుల భారంతో పాటు పిల్లల భారమూ పెరుగుతుంది, తగ్గదు.

ఇప్పుడు తరాల లెక్క. గీత ఎక్కడ వంగినా "విధానం మారింది, వైద్యం మెరుగుపడింది" అని కారణాలు వెతక్కుండా ముందు 60 ఏళ్లు వెనక్కి వెళ్లి ఆ ఏడు ఎంతమంది పుట్టారో చూడండి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఈ గంట బయటికి వచ్చే జనం ఈ గంట వచ్చినవారు కాదు, ఎప్పుడో కంపార్ట్‌మెంట్లలోకి వెళ్లినవారు. వయసు లెక్క అంతే. చైనా 60 ప్లస్ సంఖ్యలు చూడండి: 2020లో 26.40 కోట్లు, 2021లో 26.74, 2022లో 28.00, 2023లో 29.70 కోట్లు. 2021లో పెరిగింది 34 లక్షలే. 2023లో 1 కోటీ 69 లక్షలు. మధ్యలో చైనాలో ఏదో అద్భుతం జరగలేదు. 1959–61 కరువులో పుట్టుకలు కుప్పకూలాయి, ఆ చిన్న తరం 60 దాటినంతసేపు గీత చదునుగా ఉంది. 1962, 63లో పుట్టుకలు ఒక్కసారిగా ఎగిశాయి, ఆ పెద్ద తరం 60లోకి రాగానే గీత లేచింది. 2021 దగ్గర ఆపి "చైనాలో వృద్ధుల పెరుగుదల మందగించింది" అని రాసినవారు రెండేళ్లకే నవ్వుల పాలయ్యేవారు.

జపాన్‌లోనూ అలాంటివి రెండున్నాయి. 1947–49 మధ్య ఏటా దాదాపు 27 లక్షల మంది పుట్టారు. వీళ్లు 2012–14లో 65 దాటారు, 2022–24లో 75 దాటారు. రెండు చోట్లా గీత నిటారుగా ఉంటుంది. రెండోది 1966. అది వాళ్ల అరవై ఏళ్ల చక్రంలో నిప్పు గుర్రం సంవత్సరం. మన ప్రభవ, విభవ లాంటి చక్రమే అనుకోండి. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుడికి కీడని నమ్మకం. 1965లో 18.2 లక్షల పుట్టుకలు, 1966లో 13.6 లక్షలు, 1967లో మళ్లీ 19.4 లక్షలు. వయసుల పిరమిడ్‌లో అక్కడ కోసేసినట్టు గాటు కనిపిస్తుంది. ఆ తరానికి 2026లో 60, 2031లో 65 నిండుతాయి. ఆ ఏళ్లలో గీతలో చిన్న పల్లం కనబడితే కారణం జాతకమే.

తరాల లెక్క వల్ల ఒక పెద్ద లాభం ఉంది. 2036లో 60 దాటబోయేవారంతా 2011 జనగణన నాటికే పుట్టి, 35 దాటి ఉన్నారు. కాబట్టి రాబోయే వృద్ధుల సంఖ్య ఊహ కాదు, బతికి ఉండేవారి లెక్క. వాళ్ల శాతం మాత్రం అంత నమ్మకమైనది కాదు, ఎందుకంటే హారంలో ఇంకా పుట్టని పిల్లలున్నారు. నివేదికలో సంఖ్య గట్టిగా రాయండి, శాతం కాస్త వదులుగా రాయండి. చేతితో చేయడమూ సులువే. 55–59 గుంపులో 1,60,000 మంది ఉన్నారనుకుని, ఐదేళ్ల బతుకు నిష్పత్తి (ఐదేళ్ల తర్వాతా బతికి ఉండేవారి వంతు) 0.94 అనుకుంటే ఐదేళ్ల తర్వాత 60–64లో 1,50,400 మంది. ఇవి చూపించడానికి వేసిన సంఖ్యలే. మీ లెక్కకు రాష్ట్రపు బతుకు నిష్పత్తులు నమూనా నమోదు వ్యవస్థ విడుదల చేసే ఆయుర్దాయ పట్టికల నుంచి తీసుకోవాలి. ఆడ, మగ విడివిడిగా చేయాలి. 60 దాటాక ఆ తేడా చిన్నది కాదు.

దత్తాంశం ఎలా తీసుకోవాలో క్లుప్తంగా. ఐక్యరాజ్యసమితి ప్రపంచ జనాభా అంచనాల 2024 ప్రచురణలో ఐదేళ్ల వయసు గుంపుల ఫైలు దించుకోండి. సంఖ్యలు వేలల్లో ఉంటాయి, 1,200 అని ఉంటే 12 లక్షలు. 2023 వరకు ఉన్నవి గడిచిన కాలపు అంచనాలు, 2024 నుంచి రాబోయే కాలపు ముందంచనాలు, షీట్లే వేరు. రెండూ ఒకే గీతగా గీస్తే 2024 తర్వాత భాగాన్ని చుక్కల గీతగా మార్చండి. 2019 ప్రచురణ నుంచి కొన్ని, 2024 నుంచి కొన్ని కలపొద్దు. కొత్త ప్రచురణలో భవిష్యత్తే కాదు, గతం కూడా దిద్దుతారు. కలిపితే రెండు ప్రచురణల అతుకు దగ్గర లేని మెట్టు ఒకటి గ్రాఫులో పుడుతుంది.

కొలతలు ఎన్నో ఉన్నాయి, మీకు నాలుగు చాలు. వాటా, సంఖ్య పైన వచ్చాయి. మూడోది మధ్యగత వయసు, అంటే జనంలో సగం మంది దానికి లోపు, సగం మంది దానికి పైన ఉండే వయసు. ఐదేళ్ల గుంపుల నుంచి తీయాలంటే: 1,000 మందిలో 24 ఏళ్ల వరకు 440 మంది, 25–29 గుంపులో 90 మంది ఉన్నారనుకుంటే, సగానికి ఇంకా కావలసినవారు 60. 60ని 90తో భాగించి 5తో గుణిస్తే 3.3. మధ్యగత వయసు 28.3. భారత్‌ది నిజంగానే 28 అటు ఇటుగా ఉంది, జపాన్‌ది 49 దగ్గర. నాలుగోది పనిచేసే వయసున్న 100 మందికి వృద్ధులెందరన్నది. జపాన్‌లో 2020 జనగణన ప్రకారం 65 ప్లస్ 28.6 శాతం, 15–64 వయసువారు 59.5 శాతం, అంటే 100కు 48. ఈ 15 అనే అంచు నాకు నచ్చదు. కొరియాలో గానీ తిరుపతిలో గానీ 15 ఏళ్ల పిల్లలు సంపాదిస్తున్నారా, చదువుకుంటున్నారు. 20–64 తీసుకోండి, ఆ సంగతి కింద రాయండి.

వీలైతే ఐదోది చేర్చండి, గైడుకు నచ్చుతుంది. వయసును పుట్టిన దగ్గర నుంచి కాకుండా మిగిలిన ఆయుష్షు నుంచి కొలిచే పద్ధతి. జనాభా శాస్త్రవేత్త నార్మన్ రైడర్ 1975లో సూచించాడు, అదే రంగంలోని శాండర్సన్, షెర్బోవ్ 2005 నుంచి విస్తరించారు. సగటున ఇంకా 15 ఏళ్లు మిగిలిన వయసును వృద్ధాప్యపు గడపగా తీసుకుంటారు. ఆయుర్దాయ పట్టికలో మిగిలిన ఆయుష్షు కాలమ్‌లో 15 ఎక్కడ పడుతుందో చూడటమే. జపాన్‌లో అది 70ల మధ్యకు దగ్గరగా, భారత్‌లో 65 అటు ఇటుగా పడుతుంది. దీంతో జపాన్ వాటా బాగా తగ్గి, మన వాటా దాదాపు ఉన్నచోటే ఉంటుంది. 29కీ 7కీ మధ్య కనిపించిన అగాధం చాలావరకు పూడుతుంది.

అసలు తలనొప్పి మన దేశపు వయసుల దత్తాంశంతోనే. జనగణన రోజున లెక్కల మనిషి గడప దగ్గర నిలబడి "వయసెంత అవ్వా?" అంటే, "ఏమో నాయనా, అరవై ఉంటాది, రాసుకో" అని జవాబు. 58 అయినా 60, 62 అయినా 60. 2011లో దేశం మొత్తం మీద 55–59 గుంపులో 3.91 కోట్లు, 60–64లో 3.77 కోట్లు, 65–69లో 2.65 కోట్లు ఉన్నారు. మొదటి రెండింటి మధ్య తేడా నామమాత్రం, ఆ తర్వాత ఒక్కసారిగా లోయ. సున్నాల మీదికి వయసులు పోగుపడటం ఇందులో పెద్ద పాత్ర వహించింది. 60 ప్లస్ వాటా ఇందువల్ల కాస్త ఉబ్బి ఉంటుంది, 65 ప్లస్ మీద ప్రభావం వేరు. ఈ పోగుపడటాన్ని కొలవడానికి విప్పుల్ సూచిక ఉంది. 25, 30, 35 ఇలా 60 వరకు 0, 5తో ముగిసే వయసులవారిని కూడి, 5తో గుణించి, 23 నుంచి 62 దాకా ఉన్న మొత్తంతో భాగించి 100తో గుణించాలి. మొత్తం 2,00,000, ఆ వయసులవారు 70,000 అయితే సూచిక 175. పోగుపడటం అసలు లేకపోతే 100. 105 లోపు మేలైన దత్తాంశం, 175 దాటితే చాలా మొరటుది. దీనికి జనగణనలో ఒక్కో ఏడాది వయసు ఇచ్చే సి-13 పట్టిక కావాలి. ఐదేళ్ల గుంపులకు సి-14. రెండింట్లోనూ చివర "వయసు చెప్పనివారు" అని ఒక వరుస ఉంటుంది. శాతం తీసేటప్పుడు హారంలోంచి వాళ్లను తీసేయండి, లేదా అన్ని గుంపులకూ నిష్పత్తిలో పంచండి. అన్ని జనగణనలకూ ఒకే పద్ధతి పాటించండి.

పింఛన్ల జాబితాతో వృద్ధులను లెక్కిద్దామన్న ఆలోచన మీ ప్రశ్న చివర్లో ఉంది. వద్దు. వితంతు, దివ్యాంగ, చేనేత పింఛన్లు వేరే పద్దుల్లో ఉంటాయి, 70 ఏళ్ల ఆమె వితంతు పద్దులో ఉండొచ్చు. ఆదాయం, భూమి నిబంధనల వల్ల రానివారుంటారు. ఇక ఆధార్ వయసులో జనవరి 1 పుట్టినరోజులు ఎన్నుంటాయో ఏ సచివాలయంలో అడిగినా చెబుతారు.

చిత్తూరు విషయానికొస్తే, 2022 ఏప్రిల్ 4 తర్వాతి చిత్తూరు పాత చిత్తూరు కాదు. ఆ రోజు ఏర్పడిన తిరుపతి జిల్లాలో పాత చిత్తూరు ముక్కతో పాటు నెల్లూరు నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు చేరాయి. మదనపల్లె వైపు అన్నమయ్యలోకి వెళ్లింది. 2001, 2011 వయసు పట్టికలు పాత జిల్లాకే ఉన్నాయి. మండలాలకు జనగణన ఇచ్చే ప్రాథమిక సారాంశంలో వయసు పరంగా 0–6 పిల్లల సంఖ్య తప్ప ఏమీ ఉండదు కాబట్టి, మండలాలు కూడి కొత్త జిల్లా 60 ప్లస్ తయారు చేయలేరు. 66 మండలాల పాత చిత్తూరునే యూనిట్‌గా పెట్టుకోండి. 2011లో జనాభా 41.74 లక్షలు.

వలస ఇక్కడ మరీ ముఖ్యం. జననమరణాలు రెండూ మారకున్నా వలస ఒక్కటే జనాభాను ముదర పెట్టగలదు, లేత పరచగలదు. యూఏఈలో 65 ప్లస్ 2 శాతం అటు ఇటు. అది వాళ్ల ఆరోగ్య విధానం ఘనత కాదు, పని కోసం వచ్చిన పరాయివారంతా దాదాపు నడివయసులోపు వారు కావడం. బల్గేరియా 1980ల చివర దాదాపు 90 లక్షలు, 2021 జనగణనలో 65 లక్షలు, వెళ్లిపోయినవారిలో ఎక్కువ మంది యువతే. మన జిల్లాలోనూ ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లోంచి కుర్రాళ్లు బెంగళూరు పోతారు, అవ్వాతాతలు మిగులుతారు. తిరుపతిలోకి విశ్వవిద్యాలయాల కోసం, ఉద్యోగాల కోసం 18–25 వయసువారు వచ్చి పడతారు. పట్టణం, పల్లె కలిపి జిల్లా సగటు తీస్తే రెండూ చెరిపేసుకుంటాయి. సి-14లో గ్రామీణ, పట్టణ విడిగా ఉంటాయి, విడిగానే వాడండి.

ఇక మీ ముగింపు వాక్యం బదులు ఏం రాయొచ్చు? జనాభాపై కేంద్రం వేసిన సాంకేతిక బృందం ముందంచనాల ప్రకారం 60 ప్లస్ వాటా 2021లో దేశానికి 10.1, కేరళకు 16.5, తమిళనాడుకు 13.6, ఆంధ్రప్రదేశ్‌కు 12.4, బీహార్‌కు 7.7 శాతం. 2031కి ఆంధ్రప్రదేశ్ 16.4. అంటే పదేళ్లలో 4 పాయింట్లు. చైనా 2010 జనగణనలో 13.3, 2020లో 18.7, పదేళ్లలో 5.4 పాయింట్లు. ఆంధ్రప్రదేశ్ చైనాకు పదేళ్ల పైచిలుకు వెనక, కాస్త నెమ్మదిగా, అదే దారిలో ఉంది. మీరు రాసిన 30 ఏళ్ల నిశ్చింతకు ఈ సంఖ్యల్లో చోటు లేదు. దేశ సగటు బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి లేత రాష్ట్రాల వల్ల తక్కువగా కనిపిస్తోంది, దాన్ని చిత్తూరుకు అంటగట్టకూడదు. చిత్తూరుకు సరైన జోడీ పక్కనున్న వేలూరు వైపు తమిళనాడు, లేదా 2010 నాటి చైనా. జపాన్‌ను గ్రాఫులో ఉంచండి, కానీ వేగం చూపించడానికి మాత్రమే.

2011 తర్వాత జిల్లా సంఖ్యలన్నీ ముందంచనాలే అని ప్రతి పట్టిక కిందా రాయండి. 2021లో జరగాల్సిన జనగణన 2027 మార్చి 1 తేదీతో జరగనుంది. ఆ సి-13, సి-14 పట్టికలు వచ్చాక ముందు చేయాల్సింది విప్పుల్ సూచిక మళ్లీ తీయడం. ఆధార్ చేతిలో ఉంది కాబట్టి పోగుపడటం 2011 కన్నా తగ్గి ఉండొచ్చు. అలా తగ్గితే 60–64 గుంపు కొంత చిక్కినట్టు కనబడుతుంది, వృద్ధులు తగ్గారని దాని అర్థం కాదు. అందుకే ఇప్పటి నుంచే 60 ప్లస్ పక్కన 65 ప్లస్ కాలమ్ కూడా నింపి ఉంచుకోండి. అప్పుడు ఏ తేడా వయసు రాయడంలో వచ్చిందో, ఏది జనంలో వచ్చిందో విడదీయగలుగుతారు.